తప్పులు దాచే నూలు

ముట్టుకుంటే పిల్లికూన వీపులా మెత్తగా ఉంటుంది. వెలుగులో పెడితే తళతళలాడుతుంది. నాలుగు వేళ్ల వెడల్పు అల్లేసరికి పెద్ద దుకాణం అద్దాల్లో వేలాడే ఖరీదైన స్కార్ఫ్‌లా కనిపిస్తుంది. ఇంతకన్నా సుఖమైన నూలు ఉంటుందా అనిపిస్తుంది... ఒక్క కుట్టు జారేదాకా!

2004 డిసెంబరు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ ఊరు. కూతురి రెండో పురుడికని రాజమండ్రి నుంచి వెళ్లిన ఓ పెద్దావిడ, తొమ్మిదేళ్ల మనవరాలితో కలిసి కుట్లూ అల్లికల సామాన్ల దుకాణంలోకి అడుగుపెట్టారు. జనవరి 10న ఆవిడ తిరుగు ప్రయాణం. ఇల్లు కనిపెట్టుకుని రాజమండ్రిలో ఒక్కరే ఉండిపోయిన తాతయ్యకు స్వయంగా మఫ్లర్ అల్లి పంపాలని మనవరాలి సరదా. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నడకకు వెళ్లే మనిషికి చలికాలంలో మఫ్లర్ లేకపోతే ఎలా?

మామూలు ఉన్ని ఉండలున్న అరల వైపు అమ్మమ్మ నడిచారు. పిల్ల మాత్రం ఎదురుగా ఉన్న బుట్ట దగ్గరే ఆగిపోయింది. దాన్నిండా రంగురంగుల బొచ్చు ఉండలు. ఎర్రటిది తీసి చెంపకు ఆనించుకుంది.

'అమ్మమ్మా, ఎంత సాఫ్ట్‌గా ఉందో చూడు. తాతయ్యకి ఇదే!'

'మీ తాతయ్య ఇది చుట్టుకుని గట్టు మీదకెళ్తే కుక్కలు వెంటపడతాయే' అని నవ్వారావిడ. కానీ ఎర్ర ఉండలు మూడు కొన్నారు. అల్లిక ఆవిడకు కొత్త కాదు మరి. పెళ్లయిన కొత్తలో భర్త రైల్వే ఉద్యోగం వల్ల ఖరగ్‌పూర్‌లో కాపురం పెట్టారు. క్వార్టర్స్‌లో పక్కింటి బెంగాలీ ఇల్లాలి దగ్గర సూదులు పట్టడం నేర్చుకున్నారు. ఇంట్లో పిల్లలకీ, ఆడపడుచుల పిల్లలకీ కలిపి ఎన్ని స్వెటర్లు అల్లారో లెక్కేలేదు. 'ఎంత చిక్కయినా విప్పుతా' అనేది ఆవిడ ధీమా. ఆ ధీమాకు ఎర్ర బొచ్చు నూలు గట్టి పరీక్షే పెట్టింది.

ఊరూవాడా స్కార్ఫులే

ఆ రోజుల్లో అమెరికా, కెనడాల్లో ఎవరి మెడలో చూసినా బొచ్చు స్కార్ఫే. అంతకుముందు అల్లిక అంటే బామ్మల వ్యాపకం. 2000 తరువాత కాలేజీ అమ్మాయిలూ, ఆఫీసులకు వెళ్లేవాళ్లూ సూదులు పట్టుకున్నారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత జనం ఇంటిపట్టున ఉండి చేసుకునే పనుల వైపు మళ్లారని అప్పట్లో పత్రికలు రాశాయి. హాలీవుడ్ తార జూలియా రాబర్ట్స్ షూటింగుల మధ్య అల్లుతుందన్న కబురు కూడా సరదాను పెంచింది. 2003లో వచ్చిన డెబీ స్టోలర్ అల్లికల పుస్తకం కుర్రకారులో బాగా పేరు తెచ్చుకుంది. కాఫీ హోటళ్లలో గుంపులుగా కూర్చుని అల్లుకోవడం ఫ్యాషన్ అయిపోయింది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు స్వెటర్ పెద్ద పని. చేతులూ, మెడా, కొలతలూ... బోలెడు తంటా. స్కార్ఫ్‌కు అవేవీ అక్కర్లేదు. తిన్నగా అల్లుకుంటూ పోతే చాలు. మామూలు నూలుతో అల్లితే అది సాదాసీదాగా ఉంటుంది. అదే తమాషా నూలుతో అల్లితే? పనితనం కుట్టులో ఉండక్కర్లేదు, నూలే అందం తెచ్చిపెడుతుంది. ఈ కిటుకును నూలు కంపెనీలు బాగా పట్టుకున్నాయి. న్యూయార్క్‌లో 1878లో మొదలైన లయన్ బ్రాండ్ కంపెనీ 'ఫన్ ఫర్' పేరుతో అమ్మిన బొచ్చు నూలు ఇంటింటి పేరైంది. ఇటలీ, టర్కీ మిల్లుల నుంచి రిబ్బన్లు, నిచ్చెనలు, ఈకలు, చెమ్కీ దారాలు వచ్చిపడ్డాయి. వీటన్నిటికీ కలిపి వర్తకుల భాషలో 'నావెల్టీ నూలు' అని పేరు. 'సాయంత్రం మొదలుపెట్టు, రేపు మెడలో వేసుకో' అన్నట్టుగా సాగింది అమ్మకం.

మూర పొడవు... చేట ఆకారం

మొదటి వరస అమ్మమ్మ వేసిచ్చారు. 18 కుట్లు. ఎనిమిది మిల్లీమీటర్ల లావు సూదులు. అన్నీ సాదా కుట్లే. ఎటు తిప్పినా ఒకేలా ఉండే ఈ అల్లికను గార్టర్ అంటారు. మనవరాలు నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని అల్లడం మొదలెట్టింది. వారం తిరిగేసరికి ఒక ఉండ దాదాపు అయిపోయింది. మూర పొడవైంది. ఇంట్లో అందరూ ముట్టుకుని మురిసిపోయారు.

ఒక సాయంత్రం అమ్మమ్మ దాన్ని భోజనాల బల్ల మీద పరిచారు. మొదలు సన్నంగా ఉంది. పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. అచ్చం చేట! సూది మీద కుట్లు లెక్కపెడితే 26 వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే 25. మూడోసారి 27. నలభై ఏళ్లుగా అల్లుతున్న మనిషికి కుట్లు లెక్క తేలకపోవడం అదే మొదటిసారి.

ఏం జరిగింది? కుట్టుకూ కుట్టుకూ మధ్య ఉన్న బొచ్చు పోగులను కూడా కుట్టనుకుని పిల్ల వాటిలోంచి సూది దూర్చింది. ఒక్కోసారి సగం కుట్టులోంచి తీసింది. మామూలు నూలైతే అది రెండో వరసకే కంట్లో పడేది. ఇక్కడ బొచ్చు అన్నిటినీ కప్పేసింది. పైపెచ్చు మధ్యలో ఒక కుట్టు ఎక్కడో జారి కిందికి దిగిపోయింది. అదెక్కడుందో వెతికే దారి లేదు.

'పోనీలే అమ్మా, బొచ్చులో ఎవరికి కనపడుతుంది? అలాగే ముగించేయండి. అసలే ఏ పనీ చివరిదాకా చెయ్యదిది. పియానో మానేసింది, ఈత మానేసింది. ఇదీ విప్పిస్తే ఇక ముట్టుకోదు' అంది పక్క గదిలో పసివాణ్ని ఊపుతున్న కూతురు.

'కనపడదు నిజమే. కానీ మెడకి చుట్టుకుంటే ఓ పక్క తాడులా, ఓ పక్క తువ్వాల్లా ఉంటుందే' అన్నారు అమ్మమ్మ. అప్పటికే మనవరాలి కళ్లలో నీళ్లు. అల్లిక సోఫా కిందకు విసిరేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మమ్మ దాన్ని విప్పడానికి కూర్చున్నారు. సూదిలోంచి తీసి కొస లాగారు. నాలుగు కుట్లు విడిపోయి అయిదోది బిగుసుకుంది. ఇంకాస్త లాగితే ముడి పడింది. రెండు గంటలు కూర్చుంటే ఆరు వరసలు వచ్చాయి. ఒళ్లో మాత్రం ఎర్రటి పోగులు రాలాయి.

నూలులోనే ఉంది మర్మం

తప్పు పిల్లదీ కాదు, అమ్మమ్మదీ కాదు. ఆ నూలు పుట్టుకే అలాంటిది. మామూలు ఉన్ని దారం పేనిన తాడులాంటిది. మూడు నాలుగు పేటలు కలిపి మెలిపెడతారు. నున్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి సూది మీద ఒక్కో కుట్టూ విడివిడిగా కనిపిస్తుంది. లాగితే జారి వచ్చేస్తుంది.

బొచ్చు నూలును ఇంగ్లిషులో 'ఐలాష్' అంటారు. అంటే కంటిరెప్పల వెంట్రుకలు. దీన్ని పేనరు, యంత్రం మీద అల్లుతారు. సన్నటి గొలుసుకుట్ల దారాలు పక్కపక్కనే సాగుతుంటే, వాటిని కలుపుతూ అడ్డంగా పోగులు వేస్తారు. ఆ అడ్డపోగులను మధ్యలో కత్తిరిస్తే ప్రతి గొలుసుకూ పక్కన బొచ్చు మిగులుతుంది. అదే ఐలాష్. కత్తిరించకుండా వదిలేస్తే రెండు దారాల మధ్య మెట్లలా ఉంటాయి. అది నిచ్చెన నూలు. అంటే అల్లేవారి చేతికొచ్చేది సన్నటి గొలుసు, దాని చుట్టూ బోలెడు పోగులు. అసలు కుట్టు పడేది ఆ గొలుసుతోనే. కంటికి కనిపించేది మాత్రం బొచ్చే. విప్పబోతే ఒక కుట్టులోని పోగులు పక్క కుట్టులో చిక్కుకుని ఉంటాయి. గట్టిగా లాగేకొద్దీ అవి ముడి బిగిస్తాయి.

తమాషా నూళ్లలో ఒక్కోదానిదీ ఒక్కో తిక్క.

బుక్లే: ఫ్రెంచి మాట. ఉంగరాలు తిరిగినది అని అర్థం. లోపల ఒక దారం, దాని చుట్టూ వదులుగా చుట్టలు తిరిగే ఇంకో దారం, రెంటినీ పట్టి ఉంచే సన్నటి మూడో దారం. సూది మొన దారాన్ని వదిలి ఆ చుట్టల్లోకి దూరుతుంది. మొన వాడిగా ఉంటే మరీ ఇబ్బంది.

షెనిల్: ఇదీ ఫ్రెంచి మాటే. గొంగళిపురుగు అని అర్థం. రెండు దారాల మెలికలో పొట్టి పోగులు ఇరికించి చేస్తారు. మఖ్మల్‌లా ఉంటుంది. వదులుగా అల్లితే కొన్నాళ్లకు నూలు దానంతటదే బయటికి పొడుచుకొచ్చి పురుగుల్లా వేలాడుతుంది. పేరుకు తగ్గ బుద్ధి! దీన్ని కాస్త చిన్న సూదులతో బిగువుగా అల్లాలి.

రిబ్బన్ నూలు: చదునుగా, నున్నగా ఉంటుంది. ఉండ చుట్టూ పొరలు జారిపోయి మధ్యలో చిక్కుపడుతుంది. వేసిన ముడి కూడా జారిపోతుంది. ఉండను చిన్న సంచిలో పెట్టి కొస మాత్రం బయటికి తీస్తే గోల ఉండదు.

మొహెయిర్: ఇది యంత్రం సృష్టించినది కాదు, అంగోరా మేక బొచ్చు. టర్కీ రాజధాని అంకారాకు పాత పేరు అంగోరా. ఆ మేక పేరు అక్కణ్నుంచే వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పండేది దక్షిణాఫ్రికాలో. పొగమంచులా తేలిగ్గా ఉంటుంది. విప్పాల్సి వస్తే నూలు నూలునే పట్టుకుని వదలదు. అందుకే చాలామంది అల్లికను సంచిలో పెట్టి కాసేపు ఫ్రీజర్లో ఉంచి తీసి అప్పుడు విప్పుతారు. చల్లబడ్డ బొచ్చు అంతగా పట్టుకోదని వాళ్ల అనుభవం.

విప్పడం మీద అమెరికా అల్లికలవాళ్లకు సరదా మాటలు కూడా ఉన్నాయి. 'నిట్' అనే ఇంగ్లిషు మాటను వెనక నుంచి చదివితే 'టింక్'. ఒక్కో కుట్టునూ సూదితో వెనక్కి తీసుకోవడం టింకింగ్. సూది తీసేసి వరసలకు వరసలు లాగేయడం ఫ్రాగింగ్. లాగెయ్, లాగెయ్ అనడానికి వాళ్లనే 'రిప్పిట్, రిప్పిట్' కప్ప బెకబెకలా వినిపిస్తుందని ఆ పేరు. బొచ్చు నూలుతో కప్పలాట సాగదు. టింకింగ్ ఒక్కటే దారి.

లేసు చేతులకూ లొంగదు

అమ్మమ్మ తోడికోడలిది నరసాపురం. ఫోన్లో ఈ సంగతి విని, 'రెండు సూదులెందుకక్కా, కొక్కెం సూదితో చెయ్యకపోయావా' అందిట ఆవిడ. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క కొక్కెం సూదితో లేసు అల్లడం ఆడవాళ్లకు తరాల నాటి పని. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ చేతివేగమంతా నున్నటి నూలుదారం మీదే.

కొక్కెం అల్లికలో ప్రతిసారీ కింది వరసలోని కంతను వెతికి అందులోకి సూది దించాలి. రెండు సూదుల అల్లికలో ఆ బాధ కొంత తక్కువ. తరువాతి కుట్టు సూది మీదే సిద్ధంగా కూర్చుని ఉంటుంది. బొచ్చు నూలులో కంత కనపడదు కాబట్టి కొక్కెం సూది వాళ్లకు పని ఇంకా కష్టం. నరసాపురం లేసులో పనితనమంతా కంటికి కనిపించే కంతల్లో ఉంది. ఇక్కడేమో కంతలన్నీ మాయం. రెండిటికీ చుక్కెదురు.

తోడు దారం

మర్నాడు అమ్మమ్మ మళ్లీ దుకాణానికి వెళ్లారు. గల్లా దగ్గర కూర్చున్న నడివయసు ఆవిడకు అల్లిక చూపించారు. ఆవిడ నవ్వేసింది. రోజుకు పదిమంది ఇలాంటి చేటలే పట్టుకొస్తున్నారట! లోపలి అరలోంచి అదే ఎరుపులో మామూలు అక్రిలిక్ నూలు ఉండ తీసి చేతిలో పెట్టింది. బొచ్చు నూలునూ దీన్నీ జంటగా పట్టుకుని ఒకే దారంలా అల్లమంది. భాష సగమే అర్థమైనా అల్లికలో ఆరితేరిన మనిషికి సంగతి చటుక్కున తెలిసిపోయింది.

నున్నటి దారం తోడుంటే కుట్టు సూది మీద నిలబడుతుంది. కంటికి కనిపిస్తుంది. జారినా పట్టుకోవచ్చు. బట్టకు కాస్త బిగువూ వస్తుంది, సాగిపోదు. బొచ్చు మాత్రం పైకే ఉంటుంది. ఖర్చు ఒక్క ఉండ ఎక్కువ, అంతే!

ఇంటికొచ్చి అమ్మమ్మ ఓ చిన్న ముక్క అల్లి చూశారు. 14 కుట్లు చాలనిపించింది. లెక్క కట్టారు. తాతయ్య మెడకు చుట్టి రెండు కొసలూ గుండెల మీదకు రావాలంటే సుమారు 260 వరసలు. ప్రయాణం సామాను సర్దేలోపు 18 రోజులు. రోజుకు 15 వరసలు అల్లితే సరిపోతుంది. మిగిలిన రెండు ఉండలూ బొటాబొటిగా వస్తాయి. మళ్లీ తప్పుపోతే మాత్రం మఫ్లర్ లేదు.

మనవరాలు ముందు ససేమిరా అంది. అమ్మమ్మ బతిమాలలేదు. చేట అల్లికను సూదుల్లోంచి తీసి, కొసలు కుట్టేసి, పిల్ల బొమ్మకు శాలువాలా కప్పారు. అది బాగానే కుదిరింది. తరువాత కొత్త అల్లిక పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు.

'నిద్రపోతున్నావా అమ్మమ్మా?'

'కాదే. కుట్లు కనపడవుగా, వేళ్లతో చూస్తున్నా. నువ్వూ ముట్టుకో. గట్టిగా బొడిపెలా తగిలేది కుట్టు. మెత్తగా జారిపోయేది బొచ్చు.'

పిల్ల పక్కన చేరింది. కళ్లు మూసుకుని పట్టి పట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు. ఇంకోసారి లెక్కపెట్టింది. పద్నాలుగే.

ఆ రోజు నుంచి రెండు నియమాలు. ప్రతి వరసా అయ్యాక కుట్లు లెక్కపెట్టాలి. 14 వస్తేనే తరువాతి వరస. ఇక ప్రతి 20 వరసలకూ అమ్మమ్మ మొద్దు సూదిలో తెల్ల దారం ఎక్కించి, ఆ వరస కుట్లన్నిటిలోంచీ దూర్చి వదిలేసేవారు. అల్లేవాళ్లు దీన్ని 'లైఫ్‌లైన్' అంటారు. పైన ఎంత తప్పు జరిగినా అక్కడి వరకే విప్పాలి. ఆ దారం దాటి కుట్టు జారదు. పని పూర్తయ్యాక దారం లాగేస్తే సరి.

క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి. ఓ రోజు 20 వరసలు, ఓ రోజు అయిదే. స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లిన నాడు సున్నా. 130వ వరస దగ్గర లెక్క 13 వచ్చింది. పిల్ల ఎవరికీ చెప్పకుండా తనే వెనక్కి ఒక్కో కుట్టూ తీసుకుంటూ పోయి, జారిన కుట్టును పట్టుకుంది. గంటన్నర పట్టింది. తీరా అమ్మమ్మకు చూపిస్తే ఆవిడ ఏమీ అనలేదు. బొచ్చు దువ్వి చూసి, చంటివాడి పాలు కలపడానికి లేచి వెళ్లారు.

కొనే ముందు, అల్లే ముందు

ఇప్పుడు మన దగ్గరా ఈ నూళ్లకు కొరత లేదు. ఉన్నికి పెట్టింది పేరైన లూథియానా సరుకు ఊరూరా దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో ఏ దేశపు నూలైనా తెప్పించుకోవచ్చు. చలికాలపు సెలవుల్లో పిల్లలకు సరదాగా నేర్పాలనుకునే ఇళ్లలో ఈ సంగతులు పనికొస్తాయి.

మొదటి అల్లికకు లేత రంగు, నున్నటి మామూలు నూలే మేలు. నల్లటి బొచ్చు నూలుతో మొదలుపెడితే పెద్దలకైనా విసుగొస్తుంది. రెండు మూడు ముక్కలు అల్లి కుట్టు చేతికి పట్టుబడ్డాక తమాషా నూలు జోలికి వెళ్లొచ్చు.

నునుపైన నూలుకు స్టీలు సూదులకన్నా వెదురు సూదులు నయం. కుట్లు తొందరగా జారవు. బొచ్చు నూలుకు లావు సూదులు, బుక్లేకు మొండి మొన సూదులు బాగుంటాయి.

మొదటి వరస, చివరి వరస మామూలు నూలుతో వేస్తే అంచు తిన్నగా వస్తుంది. కొసలు జానెడు పొడవు వదిలి లోపలికి కుట్టాలి. రిబ్బన్ అయితే సూదీదారంతో రెండు టాకాలు వేస్తేనే నిలుస్తుంది.

డిజైన్ల జోలికి పోనక్కర్లేదు. జడలూ, పువ్వులూ ఎంత కష్టపడి అల్లినా బొచ్చులో కనపడవు. సాదా గార్టర్ చాలు. అల్లడం అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో తేలిగ్గా దువ్వితే లోపల ఇరుక్కున్న పోగులు పైకొస్తాయి.

ఒకే లేబుల్ నంబరు ఉన్న ఉండలు ఒకేసారి కొనాలి. రంగు వేసిన విడత మారితే ఎరుపులోనూ తేడా వస్తుంది.

బొచ్చు నూలు చాలావరకు పాలియెస్టరే. ఇస్త్రీపెట్టె తగిలితే పోగులు కరిగి అట్టకడతాయి. చన్నీళ్లలో చేత్తో ఉతికి నీడన పరచాలి. వేలాడదీస్తే సాగిపోతుంది. పసిపిల్లలకు మాత్రం వద్దు. నోట్లో పెట్టుకుంటే పోగులు ఊడొస్తాయి.

ఇంకో మాట. పాలియెస్టర్ బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగులు నీళ్లలో కలుస్తాయి. ఒక్క బట్ట ఒక్క ఉతుకులో 1900కు పైగా పోగులు వదలగలదని 2011లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. అవి చివరికి చేరేది సముద్రానికే. కాబట్టి సరదాకు ఒక స్కార్ఫ్ చాలు, అరడజను అక్కర్లేదు. ఉతుకులు ఎంత తగ్గితే అంత మంచిది.

వేడి చల్లారాక

2005 దాటాక అమెరికాలో బొచ్చు స్కార్ఫుల వేడి చల్లారింది. అందరి మెడలోనూ ఒకటే ఉంటే ఫ్యాషన్ ఎలా అవుతుంది? ఆ గిరాకీని నమ్ముకున్న కొన్ని దుకాణాలు మూతపడ్డాయి. మిగిలినచోట బుట్టల్లో సగం ధరకు పోశారు. ఎన్నో ఇళ్లలో సగం అల్లిన స్కార్ఫులు సూదులతో సహా అటకెక్కాయి. మొదటి తప్పు దగ్గరే చాలామంది చేతులెత్తేశారు. అల్లిక తమకు రాదనుకున్నారు. రానిది అల్లిక కాదనీ, లొంగనిది ఆ నూలనీ వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఆ తప్పు దాటి వచ్చినవాళ్లు మాత్రం మామూలు ఉన్ని వైపు మళ్లారు. మేజోళ్లూ, స్వెటర్లూ నేర్చుకున్నారు. 2007లో రావెల్రీ అనే వెబ్‌సైటు మొదలయ్యేనాటికి అలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు. బొచ్చు నూలు కూడా పూర్తిగా పోలేదు. కీమోథెరపీలో జుట్టు ఊడినవాళ్లకు మెత్తటి టోపీలు అల్లి ఇచ్చేవాళ్లు దాన్ని వాడారు. దూరం నుంచి చూస్తే జుట్టులానే కనపడుతుంది కదా. కుచ్చులకూ, కాలరు అంచులకూ, పిల్లల బొమ్మలకూ ఇప్పటికీ అదే.

ఇంతకీ ఎర్ర మఫ్లర్ ఏమైంది?

జనవరి 8 రాత్రి ముగింపు వరస పడింది. 252 వరసలు. లెక్క ప్రకారం ఎనిమిది తక్కువ. నూలు అక్కడికే అయిపోయింది మరి. కూతురు దాన్ని చేత్తో కొలిచి, వెలుగులో తిప్పి చూసింది. ఏమీ అనకుండా సూట్‌కేసులో అన్నిటికన్నా పైన పెట్టింది.

రాజమండ్రిలో సంక్రాంతి వెళ్లిన మర్నాడు తాతయ్య దాన్ని చుట్టుకుని గట్టు మీదకు నడకకు వెళ్లారు. కుక్కలేవీ వెంటపడలేదు. నడక మిత్రులు మాత్రం పడ్డారు. 'ఏంటండీ మేష్టారూ, కోడిపుంజులా ఉన్నారు!' అన్నారొకరు. 'మా మనవరాలు అల్లింది' అన్నారాయన. ఇంక ఎవరూ నవ్వలేదు. ఒకాయన ముట్టుకుని చూసి, 'వరస తప్పకుండా అల్లిందండీ' అన్నాడు.

తప్పింది నిజానికి. ఓ కొస నుంచి జానెడు దూరంలో, నాలుగు వరసల పాటు 15 కుట్లున్నాయి. జనవరి 6న అది బయటపడింది. విప్పాలా వద్దా అని అమ్మమ్మా మనవరాలూ ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. వద్దనుకున్నారు. రెండు రోజులే ఉంది. తరువాతి వరసలో ఓ చోట రెండు కుట్లు కలిపి ఒకటి చేసి ముందుకు సాగారు.

అది ఎక్కడుందో బొచ్చు పక్కకు తీసి చూసినా తాతయ్యకు తెలియదు. ఆ ఇద్దరి వేళ్లకే తెలుసు.